కుంపటి దగ్గర సాలూరు పాట

దగ్గరకి జరగండి బాబూ, బొగ్గులు బాగా రాజుకున్నాయి. ఆ వెనక గేటు చేరవేసి రండి, గాలి ఊరుకోదు. ఈ చలికి అరబ్బులు మర్బానియా అని పేరు పెట్టుకున్నారు. నలభై రోజుల చలి. డిసెంబరు మొదటి వారంలో దిగి, మన సంక్రాంతికి గాని సర్దుకోదు. ఈ కుంపటి పెద్దమ్మగారు ఇచ్చింది. ఈ ఇంటి ముసలావిడ, మా యజమాని బాబా వాళ్ళ అమ్మ. ఆవిడ పోయి పదేళ్ళు దాటింది. ప్రతి ఏడూ చలి దిగగానే ఇది బయటికి తీస్తాను, బూడిద తుడుస్తాను, ఆవిణ్ణి తలుచుకుంటాను.

ఇందాక మీరు గట్టిగా వాదించుకుంటుంటే గదిలోంచి విన్నాను. ఉగాదికి మనవాళ్ళ సభలో ఇరవై నిమిషాలు దొరికాయట. గల్ఫ్‌కి వచ్చినవాడి కథ మీద పాటల నాటకం వేస్తారట. కథ బాగుంది. పాటల దగ్గరకి వచ్చేసరికి ఫోన్లో సినిమా ట్రాకులు దించేసుకుందాం అన్నాడు మా అమలాపురం అబ్బాయి. "ట్రాకులు గాక ఇంకేం జేస్తాం పెద్దయ్యా, పాట కట్టేటోడు యాడున్నాడు మనకు?" అన్నాడు కడప అబ్బాయి. ఆ మాట చెవిన పడ్డప్పటినుంచి నాకు మా ఊరే కళ్ళముందు కదులుతోంది. పాట కట్టడం అంటే ఏమిటో, కొత్త కథకి కొత్త పాట కట్టి గద్దె మీదకి ఎక్కించడానికి ఒక మనిషి జీవితం ఎలా ఖర్చవుతుందో మీకు ఇవాళ చెప్పాలి. రేపు శుక్రవారం, తెల్లారి బడికి దింపే పని లేదు. టీ పోసుకోండి.

మాది సాలూరు పక్క పల్లె. వేగావతి ఒడ్డు. సాలూరంటే మీకు సాలూరు రాజేశ్వరరావుగారు గుర్తొస్తారు, ఆయనా ఆ చుట్టుపక్కల పుట్టినవారే. మా నాన్న తరం వాళ్ళకి మాత్రం సాలూరంటే చిన గురువుగారు. పట్రాయని సీతారామశాస్త్రిగారు. వాళ్ళ నాన్నగారు నరసింహశాస్త్రిగారు పెద గురువుగారు. ఊళ్ళో పేరు పెట్టి పిలిచేవారు కాదు, గురువుగారు అంటే చాలు, చెట్టూ పుట్టా కూడా ఆ ఇంటివైపే చూసేవన్నట్టు చెప్పేవాడు మా నాన్న. ఆయన చదువుకున్నవాడు కాదు. నాగలి పట్టిన చెయ్యి. అయినా సంత నుంచి వస్తూ ఆ ఇంటి అరుగు ముందు బండి ఆపి, లోపల పిల్లలు సరళీస్వరాలు పాడుతుంటే విని వచ్చేవాడట. ఎద్దులు కూడా కదిలేవి కావు అనేవాడు. ఎద్దులకి అలసట అయ్యుండాలి. మా నాన్నకి మాత్రం అది పాట మహిమే.

చిన గురువుగారు విజయనగరం సంగీత కళాశాలలో గాత్రం చెప్పేవారు. ఆ కళాశాల 1919లో పెట్టారు. మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. దాసుగారి పేరు విన్నారా? కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి, ఒక్కడే కథ చెప్పి, పాట పాడి, అడుగు వేసి, అన్ని పాత్రలూ తానే అయి రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టినవారు. ఆ పాటలు ఆయన రాసుకున్నవే, ఆ వరసలు ఆయన కట్టుకున్నవే. మరి పాట కట్టేవాడు ఎక్కడున్నాడని అడిగావే, మన నేల మీద నాటకం ఉన్నచోటల్లా ఉన్నాడు బాబూ. నీ కడప జిల్లాలోనే 1885లో సురభి అనే పల్లెలో వనారస గోవిందరావుగారు కీచకవధ ఆడించారు. ఆ పల్లె పేరే నాటక సమాజం పేరయింది. తాతలు, తండ్రులు, కోడళ్ళు, మనవలు, ఒక్క కుటుంబమే నాటకమంతా. నీ జిల్లా వాళ్ళు మా జిల్లాలకీ వచ్చి ఆడి వెళ్ళారు. నువ్వు ఆ మట్టి మీద పుట్టినవాడివి.

సరే, ఆ విజయనగరానికి ఒక కుర్రాడు వచ్చాడు. తండ్రి లేడు. చేతిలో కాసు లేదు. జోలె పట్టుకుని ఇంటింటా మధూకరం ఎత్తుకుని తింటూ సంగీతం నేర్చుకున్నాడు. చిన గురువుగారు ఆ కుర్రాణ్ణి చేరదీశారు. పైసా పుచ్చుకోకుండా పాఠం చెప్పారు. ఆ కుర్రాడే ఘంటసాల వెంకటేశ్వరరావు. మీ ఫోన్లో పొద్దున్నే మోగే గొంతు అది, ఇప్పటికీ.

గురువుగారి పెద్దబ్బాయి పేరు సంగీతరావు. 1920 నవంబరు 2న పుట్టారు, ఘంటసాలగారి కంటే రెండేళ్ళు పెద్ద. నేను చెప్పదలచుకున్న కథ ఈయనది. ఆయన్ని నేను ఎప్పుడూ కళ్ళారా చూడలేదు. మా ఊరి పక్క మనిషి, నా హార్మోనియం పెట్టె మీద వేళ్ళకి దారి చూపిన మనిషి, ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. అయినా నాకు తెలిసిన పాటగాళ్ళలో నేను రోజూ దండం పెట్టుకునేది ఆయనకే.

ఘంటసాలగారు మద్రాసులో సంగీత దర్శకులయ్యాక గురుపుత్రుణ్ణి మరచిపోలేదు. సంగీతరావుగారు ఆయన పక్కన చేరి హార్మోనియం పట్టారు, సహాయకుడిగా పనిచేశారు. ఇద్దరూ ఒకే అరుగు మీద పాఠం చెప్పుకున్నవాళ్ళు. ఒకరు మైకు ముందు నిలబడ్డారు, ఒకరు పెట్టె ముందు కూర్చున్నారు. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాలగారు పోయేదాకా ఆ జత విడలేదు. మా ఊళ్ళో ఆ రోజు పొయ్యి వెలగని ఇళ్ళు ఉన్నాయి. నాకు అప్పుడు పదిహేడేళ్ళు.

హార్మోనియం గురించి ఒక మాట చెప్పాలి. మీ తరం వాళ్ళకి దాని కష్టం తెలీదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. దాని మెట్లు బిగుసుకుపోయి ఉంటాయి, స్వరానికీ స్వరానికీ మధ్య జారే వీలు ఉండదు, మన గమకం దాని మీద పలకదు, అది విదేశీ వాద్యం అన్నారు. 1971 దాకా రేడియో గుమ్మంలోకి రానివ్వలేదు. అన్నేళ్ళు బయట నిలబెట్టిన పెట్టెనే మన నాటకం నెత్తిన పెట్టుకుంది. ఎందుకంటే పదివేల మంది జనంలో, మైకు లేని పందిట్లో, కృష్ణుడి వేషగాడికి శ్రుతి అందించాలంటే ఆ పెట్టే ఉండాలి. నాకు హార్మోనీ నేర్పిన మాస్టారు మా పల్లెలో నాటకాలకి వాయించేవారు. ఆయన ఒక్కటే చెప్పేవారు. "ఒరే, పాడేవాడి గొంతు ఎక్కడికి పోతుందో నీ వేలు ముందే అక్కడ ఉండాలి. నువ్వు వినబడకూడదు, నువ్వు లేకపోతే మాత్రం వాడు పడిపోవాలి." ఆ మాటకి నిలువెత్తు అర్థం సంగీతరావుగారే.

ఘంటసాలగారు పోయాక ఆయన కథ ముగిసిపోయి ఉండాలి, లోకం లెక్కల్లో. యాభై మూడేళ్ళ మనిషి, పక్కవాద్యం మనిషి, ముందు మనిషి పోయాడు. అక్కడే ఆయన అసలు పెద్దపని ఉంది. మద్రాసులో వెంపటి చినసత్యంగారు ఉన్నారు. కూచిపూడి ఊరు నుంచి వచ్చి 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టినవారు. రాత్రంతా ఊరి నడిబొడ్డున సాగే కూచిపూడి ఆటని పట్నంలో హాలుకి సరిపడా, రెండు మూడు గంటల నృత్యనాటకంగా మలచుకోవాలని ఆయన తపన. కొత్త కథలు, కొత్త మాటలు, కొత్త నడకలు. చాలావాటికి మాటలు రాసినవారు ఎస్.వి. భుజంగరాయశర్మగారు. ఆ మాటలకి ప్రాణం పోసే వరస కావాలి. ఆ వరసలు చాలామటుకు సంగీతరావుగారివి. పద్మావతీ శ్రీనివాసం, విప్రనారాయణ, మేనకా విశ్వామిత్ర, హరవిలాసం, శివధనుర్భంగం. ఒక్కొక్కటీ ఒక్కో లోకం.

మీరు అడుగుతారు, సినిమా పాట కట్టడానికీ దీనికీ తేడా ఏమిటని. చెప్తాను. సినిమాలో కాళ్ళు పాటకి వస్తాయి. పాట ముందే తయారైపోయి ఉంటుంది, నర్తకి దాని వెంట నడుస్తుంది. నృత్యనాటకంలో పాట కాళ్ళ కోసం కాచుకోవాలి. పాత్ర ప్రవేశానికి దరువు ఉంటుంది. తెర వెనకనుంచి సత్యభామ జడ ఒక్కటే ముందు బయటికి వస్తుందే కూచిపూడిలో, ఆ జడ బయటపడిన క్షణం నుంచి మనిషి పూర్తిగా కనబడేదాకా ఎన్ని ఆవర్తనాలు పడతాయో వరస కట్టేవాడికి తెలియాలి. ఒక ఆవర్తనం తక్కువైతే ఆవిడ పరుగెత్తాలి, ఎక్కువైతే ఊరికే నిలబడాలి. అభినయం దగ్గర ఒకే మాట నాలుగైదుసార్లు పాడాలి. ఆవిడ అదే మాటకి ఒకసారి అలుగుతుంది, ఒకసారి వేడుకుంటుంది, ఒకసారి పాత సంగతి గుర్తు చేసుకుంటుంది. పాడేవాడు ప్రతిసారీ అదే వరస పాడితే ఆ అభినయం చచ్చిపోతుంది. సంగతి మార్చాలి, మాట మాత్రం చెడకూడదు. మధ్యలో జతులు వస్తాయి, నట్టువాంగం తాళాల దెబ్బ వస్తుంది, ముక్తాయింపు సరిగ్గా పల్లవి ఎత్తుగడ మీద వచ్చి వాలాలి. అందుకే ఇది ఒంటరిగా గదిలో కూర్చుని కట్టే పాట కాదు. రాసేవాడు, వరస కట్టేవాడు, అడుగు కట్టేవాడు, ముగ్గురూ ఒకచోట కూర్చోవాలి. ఒకడు మాట దించితే ఇంకొకడు స్వరం తగ్గించుకోవాలి.

ఇంకో కష్టం. కథలో ఇద్దరు మనుషులు ఉంటారు. విప్రనారాయణుడు పూలదండలు కట్టుకుని రంగనాథుణ్ణి కొలిచే భక్తుడు. దేవదేవి అతని మనసు దోచే వేశ్య. తపసు చేసుకునే విశ్వామిత్రుడు ఒకవైపు, దాన్ని చెదరగొట్టడానికి దిగివచ్చే మేనక ఒకవైపు. ఇద్దరి గొంతూ ఒకే రాగంలో ఉండకూడదు, అలాగని విరిగిపోయి రెండు నాటకాల్లాగా కూడా వినబడకూడదు. భక్తి మెల్లమెల్లగా మోహం అవుతున్నప్పుడు పాట కూడా మనకి తెలియకుండానే జారాలి. ఆ జారుడు కట్టడానికి ఒక జన్మ తపసు కావాలి. నాటకం రాసినవాడి పేరు కరపత్రం మీద ఉంటుంది. ఆడినవాళ్ళ ముఖం జనం గుండెల్లో ఉంటుంది. ఆ జారుడు కట్టినవాడు వేదిక పక్కన, పెట్టె వెనక, అరవెలుగులో కూర్చుని ఉంటాడు.

ఇదిగో, మాటలతో చెబితే తెలీదు. ఇందాక కడప అబ్బాయి ఒక మాట రాసుకున్నాడు కదా, చదువు. "ఇసుక గాలిలో నేను మా ఇంటిని వెతుక్కున్నాను, అమ్మ వేసిన ముగ్గుని వెతుక్కున్నాను." ఎంత మంచి మాట బాబూ! సిగ్గుపడకు. నువ్వు ఈ దేశం వచ్చి ఎన్నాళ్ళయింది? పద్నాలుగు నెలలు. ఈ మాట పద్నాలుగు నెలలు నీ లోపల ఉడికింది. ఇప్పుడు చూడు, ఇది అలాగే పాడబోతే నోట్లో తిరగదు. కొంచెం కోస్తాను, నీకు అభ్యంతరం లేదు కదా?

"ఇసుక గాలిలొ ఇల్లు వెతికితి.
అమ్మ వేసిన ముగ్గు వెతికితి."

ఆ ట్రే ఇటియ్యి. ఆ గ్లాసులు కింద పెట్టు. వేలితో కొట్టు. తకిట తకధిమి, తకిట తకధిమి. మూడూ నాలుగూ. ఇసుక, మూడు. గాలిలొ, నాలుగు. ఇల్లు, మూడు. వెతికితి, నాలుగు. చూశావా, ఎక్కడా గీసుకోలేదు. ఇది మిశ్రగతి. మా విజయనగరం గురజాడవారు 1910లో ముత్యాల సరాలు రాశారే, ఆ నడక ఇదే. నూరేళ్ళు దాటినా ఈ నడక తెలుగు నాలుక మీదనుంచి దిగలేదు, ఎందుకంటే అది మనం మాట్లాడుకునే లయ.

ఇప్పుడు ఇదే మాట గబగబా కొడదాం. ఆఁ, అంత వేగంగా. ఏమయింది? పెళ్ళి ఊరేగింపులో పాట అయిపోయింది. ఇల్లూ అమ్మ ముగ్గూ కనబడక వెతుకుతున్నవాడు అలా ఎగురుతాడా? ఇప్పుడు సగానికి తగ్గించు. ఇంకా తగ్గించు. నేను పెట్టె మీద ముఖారి అందుకుంటాను, విను. "వెతికితి" దగ్గర ఆగకు, ఆ తి మీద గొంతు వాలిపోనీ. రెండోసారి పాడేటప్పుడు "అమ్మ" దగ్గర ఒక మెట్టు పైకి ఎత్తు. పిలిచినట్టు ఉండాలి. ఆఁ. అదీ. అమలాపురం అబ్బాయి తల దించుకున్నాడు చూడు. ఎవరికీ ఏ ట్రాకూ గుర్తు రాలేదు. ఈ పాట ఇప్పటిదాకా లోకంలో లేదు, ఇప్పుడు ఉంది. ఇంతే బాబూ, పాట కట్టడమంటే. ఇంతే అన్నానని తేలిక అనుకోకు. ఇలాంటివి ముప్ఫై నలభై ఒకదానికొకటి అతుకు కనబడకుండా కడితే ఒక నాటకం. అలాంటి నాటకాలు ఒక్కటి కాదు, పదికి తక్కువ కాకుండా కట్టిన మనిషి ఆయన.

నేను ఆ వరసలు విన్నది ఈ కువైట్‌లో, ఈ మిష్రిఫ్‌లోనే. 1984లో ఈ ఇంటికి డ్రైవరుగా వచ్చాను. బొంబాయి మీదుగా, అప్పు చేసిన డబ్బుతో, నా హార్మోనియం దుప్పట్లో చుట్టుకుని. అప్పుడు శుక్రవారాలు వీసీఆర్ కేసెట్ అద్దెకి తెచ్చుకుని ఒకే గదిలో పది పన్నెండుమంది చూసేవాళ్ళం. ఒకసారి సినిమా కేసెట్ అనుకుని తెస్తే అందులో నృత్యనాటకం ఉంది. మావాళ్ళు తిట్టుకుంటూ లేచి వెళ్ళిపోయారు. నేను ఉండిపోయాను. బొమ్మ సరిగ్గా లేదు, మనుషులు ముద్దలుగా కనబడుతున్నారు. పాట మాత్రం స్పష్టంగా ఉంది. ఆ పాటలో మా ఊరి వాసన తగిలింది. మా నాన్న బండి ఆపి విన్న అరుగు వాసన. చివర్లో పేర్లు పడ్డప్పుడు చదివాను, సంగీతం పట్రాయని సంగీతరావు. ఆ కేసెట్ తిరిగిచ్చేలోపు ఆరుసార్లు విన్నాను. విన్న ప్రతి వరసా నా పెట్టె మీద వెతుక్కున్నాను. అలా ఆయన నాకు గురువయ్యారు.

ఆ పెట్టె ఇప్పుడు లేదు. ఇది రెండోది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చింది కదా. ఇంటివాళ్ళు సౌదీ వెళ్ళిపోయారు. మేము కొన్నాళ్ళు తలుపులు వేసుకుని ఉండి, తర్వాత బస్సుల్లో బస్రా, బాగ్దాద్, అక్కడనుంచి జోర్డాన్. ఎండలో, గుడారాల్లో, నీళ్ళకి వరసల్లో. లక్షకి పైగా మనవాళ్ళని అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాలు మోసుకొచ్చాయి. చేతిలో ఒక్క సంచీ. పెట్టె ఇక్కడే, ఈ గదిలో మంచం కింద వదిలి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి గది గోడలు ఉన్నాయి, లోపల ఏమీ లేదు. ఆ రోజు ఏడ్చినంత నేను అంతకు ముందు ఏడవలేదు. పెద్దమ్మగారు చూసి కారణం అడిగారు. వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. కొన్నాళ్ళకి బాబా ఇండియా వెళ్ళి వస్తుంటే ఈ పెట్టె తెప్పించారు.

ఆవిడకి పాట విలువ ఎలా తెలుసంటారా? ఆవిడ తండ్రి ముత్యాల పడవలో వెళ్ళినవాడు. ఈ అద్దాల మేడలు, ఈ వెడల్పు రోడ్లు మొన్నటివి. 1946లో మొదటి చమురు ఓడ ఎక్కకముందు ఈ దేశానికి సముద్రమే అన్నం. ఎండాకాలం నాలుగు నెలలు నడిసముద్రంలో ఉండి, ముక్కుకి బిగింపు పెట్టుకుని, కాలికి బరువు కట్టుకుని, ఊపిరి బిగబట్టి అడుగుకి మునిగేవారు. వెళ్ళేముందు ఇంటి ఖర్చుకి నఖోదా దగ్గర అప్పు తీసుకునేవారు. నఖోదా అంటే పడవ కెప్టెన్. ఆ అప్పు తీరకుండా మనిషి పోతే కొడుకు మీద పడేది. వింటున్నారా? అప్పు చేసి ఇల్లు వదిలి వెళ్ళడం మనం మొదలుపెట్టింది కాదు. ఆ పడవల్లో పాట పాడడానికే ఒక మనిషిని పెట్టుకునేవారు. నహ్హామ్ అంటారు. తెరచాప ఎత్తేటప్పుడు, తెడ్డు వేసేటప్పుడు అతను పాట ఎత్తితే అందరూ బొంగురు గొంతుతో అందుకునేవారు.

ఆ బతుకంతటినీ ఈ దేశంవాళ్ళు పాటల నాటకం చేసుకున్నారు. మొహమ్మద్ అల్ ఫాయెజ్ అనే కవి నావికుడి జ్ఞాపకాలు రాశారు. ఘన్నామ్ అల్ దికాన్ వరసలు కట్టారు. షాదీ అల్ ఖలీజ్, సనా అల్ ఖరాజ్ పాడారు. 1979 నాటి మాట. టీవీలో అది వచ్చినప్పుడల్లా పెద్దమ్మగారు మగవాళ్ళు కూర్చునే గది, దీవానియా గుమ్మం దగ్గర నిలబడి వినేవారు, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. నాకు మాటలు అన్నీ అర్థమయ్యేవి కావు. లయ అర్థమయ్యేది. అది పడవ ఊగే లయ. ఆ ఘన్నామ్ అల్ దికాన్‌గారు కొత్త లయ ఎక్కడనుంచో తేలేదు, నహ్హామ్ గొంతులోంచి తెచ్చి గద్దె మీద పెట్టారు. మన సంగీతరావుగారు కూచిపూడి దరువు తెచ్చి మద్రాసు హాల్లో పెట్టినట్టే. వాళ్ళ తాతల కష్టానికి వాళ్ళు పాట కట్టుకున్నారు. మన కష్టానికి మనం ఎవరి ట్రాకో పెట్టుకుంటామంటే నాకు ప్రాణం ఒప్పుకోదు బాబూ. అది ఎంత మంచి పాటైనా, అది ఇంకెవరి కోసమో పుట్టిన పాట. మీ అమ్మ ముగ్గు గురించి అందులో ఉండదు.

ఇంకొక్క ముచ్చట చెప్పి ఆపేస్తాను. కరోనా రోజులు గుర్తున్నాయా? మీలో సగంమంది అప్పటికి రాలేదులే. ఈ మిష్రిఫ్‌లో ఎగ్జిబిషన్ మైదానం ఉంది కదా, పుస్తకాల సంత పెట్టే పెద్ద హాళ్ళు, అక్కడ టీకాలు వేసేవారు. కువైట్‌లో జనం చాలామంది అక్కడికే. మా ఇంటివాళ్ళని ఒక్కొక్కళ్ళనీ నేనే తీసుకెళ్ళాను. 2021 జూన్ మొదటి వారం. ఎండ మండిపోతోంది. ఇంటి అమ్మాయిని లోపలికి పంపి, కారు నీడకి పెట్టి, ఏసీ వేసుకుని కూర్చున్నాను. ఫోన్ తీసి చూస్తే ఊరినుంచి ఎవరో పంపారు. సంగీతరావుగారు జూన్ 2న చెన్నైలో పోయారు. కరోనా. ముందటి నవంబరులోనే నూరేళ్ళు నిండాయి. కింద ఫోటో ఉంది. ఆయన ముఖం నేను సరిగ్గా చూడడం అదే మొదటిసారి. నవ్వుతున్న ముసలాయన. బాగా తెలిసిన మనిషి ముఖం, మొదటిసారి చూస్తున్నాను.

కారు దిగి కాసేపు నిలబడ్డాను. చుట్టూ వేలమంది, ముఖానికి గుడ్డలు, వరసల్లో. నూరేళ్ళ మనిషి పోయాడంటే జనం నిండు జీవితం అంటారు. నాకు మాత్రం ఆ అరుగు ఖాళీ అయినట్టు అనిపించింది. చిన గురువుగారి అరుగు, జోలెతో వచ్చిన కుర్రాడు, పెట్టె ముందు కూర్చున్న కొడుకు, బండి ఆపిన మా నాన్న, అందరూ వెళ్ళిపోయారు. ఆ వరసల్లో కొన్ని నా వేళ్ళలో ఉన్నాయి. నాకు అరవై తొమ్మిది నడుస్తోంది. వచ్చే ఏడు అకామా, అదే ఇక్కడ ఉండే అనుమతి, రాసుకోకుండా ఇంటికి పొమ్మంటున్నాడు మా అబ్బాయి. నా వేళ్ళలో ఉన్నది ఇక్కడ ఎవరికైనా ఇచ్చి వెళ్ళాలని ఆ రోజు ఆ ఎండలో అనుకున్నాను. ఇన్నాళ్ళూ అడిగినవాడు లేడు. ఇందాక కడప అబ్బాయి అడిగాడు, పాట కట్టేటోడు యాడున్నాడని.

ఇక్కడే ఉన్నాడు బాబూ. మాట నీ దగ్గర ఉంది, నడక మన భాషలో ఉంది, శ్రుతికి నా పెట్టె ఉంది. ఉగాదికి ఇంకా రెండు నెలలు పైన ఉంది. వారానికి ఒక గురువారం రాత్రి చొప్పున చూసుకున్నా ఎనిమిది తొమ్మిది రాత్రులు. నాలుగు దరువులు కడదాం. విమానం ఎక్కేటప్పుడు ఒకటి, మొదటి జీతం పంపినప్పుడు ఒకటి, ఇసుక గాలిది ఒకటి ఇప్పటికే సగం అయింది. ఇంటికి తిరిగి వెళ్ళేది చివరిది. అది చివర్లో కడదాం, తొందరపడొద్దు. అమలాపురం అబ్బాయీ, నీ గొంతు పైకి బాగా వెళ్తుంది, నువ్వు పాడతావు. కడప అబ్బాయీ, నువ్వు రాస్తావు, నేను కోస్తే ఏమీ అనుకోకు. నేను పక్కన కూర్చుంటాను. దీపాలు మీ మీద పడనీ.

కుంపట్లో రెండు బొగ్గులు వెయ్యి. ట్రే తీసుకో. మూడూ నాలుగూ. మెల్లగా. మళ్ళీ మొదటినుంచి.